తథాస్తు దేవతలు, నీరో మంత్రి

మా హామిల్టన్‌లో నా స్నేహితురాలు నిరుపమ అంత పిరికిది మరొకరు లేరు. కాకినాడ నుంచి భర్త ఉద్యోగం వెంట ఈ పరాయి దేశానికి వచ్చి, తనూ కంప్యూటర్ ఉద్యోగం తెచ్చుకుంది. అయినా పొగమంచులో కారు తీయాలంటే గుండెదడే. చెడు మాట మాత్రం పైకి అనదు. అంటే తథాస్తు దేవతలు విని నిజం చేస్తారని అత్తగారు అనంతలక్ష్మి నేర్పిన భయం. దీపాలు పెట్టే వేళ ఆ ఇంట్లో "ఒకవేళ" అన్నా ఊరుకోరు.

2007 చలికాలంలో స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నిరుపమ ఎవరికీ చెప్పలేదు. పైకి అంటే అదే అవుతుందని భయం, అనకపోతే పెరుగుతుందని భయం. డాక్టరుకు ఫోన్ చేయబోయి పెట్టేసేది. డాక్టరుతోనైనా అనాలి కదా మరి. చదువుకున్న మనిషికి ఇదేం మూర్ఖత్వమని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడే కూతురు హారికకు స్కూల్లో ప్రాచీన రోమ్ పాఠాలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి మొదలుపెట్టింది.

"మమ్మీ, రోమ్ ఎంపరర్ నీరోకి చదువు చెప్పిన మినిస్టర్ ఒకాయన, పెద్ద ఫిలాసఫర్. భయమేసేది ముందే ఫుల్‌గా ఇమాజిన్ చేసుకోమన్నాడు. అప్పుడు వచ్చినా తట్టుకుంటామంట. మా టీచర్ ఫ్లైట్ ఎక్కేముందు ఇప్పటికీ అలానే చేస్తుందంట."

"దీపాల వేళ ఏం మాటలే అవి?" అనంతలక్ష్మి కసిరింది. "ఇంతకీ ఆయన ఏమయ్యాడు?"

హారిక నసిగింది. "నీరోనే చచ్చిపొమ్మని ఆర్డర్ వేశాడు నానమ్మా."

"చూశావా. అనుకున్నాడు, అయింది."

నిరుపమ పొయ్యి మీద కూర కలుపుతూ వింటోంది.

"కానీ ఆయన భయపడలేదంట. ఏడుస్తున్న ఫ్రెండ్స్‌ని ఆయనే ఓదార్చాడంట," అంది హారిక.

నిరుపమ స్టవ్ ఆపింది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

"అత్తయ్యగారూ, నాకు రొమ్ములో గడ్డ ఉంది. క్యాన్సరేమోనని భయంగా ఉంది."

అత్తగారు నోరు మూసుకోమంటుందనుకున్నానని తర్వాత నాతో చెప్పింది. అనంతలక్ష్మి కోడలి చేతిలోంచి గరిటె తీసి పక్కన పెట్టింది. హారిక ఏడుపు అందుకుంటే, నిరుపమే దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది.

"రేపొద్దున్నే డాక్టర్ దగ్గరికి పోదాం," అంది చివరికి అనంతలక్ష్మి. మనవరాలి వైపు తిరిగింది. "అమ్మకి ఏమీ కాదని అనవే. గట్టిగా అను."

"అమ్మకి ఏమీ కాదు."

"తథాస్తు," అంది అనంతలక్ష్మి. "ఇంకోసారి అను తల్లీ."