అక్క స్టూలు

మా మేడ కింద కుట్టుపని చేసే పిన్ని నాకు చుట్టం కాదు. నా బట్టలు సరిచేస్తూ ఒక్క ప్రశ్నా వేయదు కాబట్టి నాకు ఆమె దగ్గర హాయిగా ఉండేది.

పిన్నీ, వాళ్లక్కా ఎదురెదురు మిషన్ల మీద కుట్టి, ఆ గదిలోనే పక్కపక్కన పడుకునేవారు. కిందటేడు అక్క పోయింది. అప్పటినుంచి పిన్నికి సరిగా నిద్ర లేదు. పొద్దున కళ్లు మండుతుంటే పలకరించినవాళ్లనల్లా కసిరేది. మెల్లగా గుమ్మం దగ్గర కబుర్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నిద్ర మరీ దూరమైంది. అక్క స్టూలు మీద మాత్రం ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం నేనక్కడ ఉండగా కాజాల తాత వచ్చాడు. పిన్ని బడిపిల్లల కోసం కుట్టిన చొక్కాలు ఇంటికి పట్టుకెళ్లి గుండీలకు కాజాలు తీసి తెస్తాడాయన. ఈసారి మూట తీసుకెళ్లినట్టే వెనక్కి తెచ్చాడు.

"ఏమ్మా, ఈ బడిలో పిల్లలందరికీ రెండూ ఎడమ చేతులేనా?"

పిన్ని ఒక చొక్కా ఎత్తి చూసింది. కుడివైపు కూడా ఎడమ చెయ్యే అతికి, చంక దగ్గర గుడ్డ మెలితిరిగింది. సగం చొక్కాలు అంతే. మర్నాటికి ఇవ్వకపోతే ఆ బడి పని వేరేవాళ్లకు పోతుంది. ఏడాది పొడవునా ఆమెకు కూడు పెట్టేది అదే.

"నిద్ర లేదు బాబాయ్," అంది పిన్ని. "అక్క గురక పెడితే తిట్టేదాన్ని. ఇప్పుడు పడుకుంటే గదిలో దగ్గే మనిషి కూడా లేదు."

 తాత వెళ్లి అక్క స్టూలు మీద కూర్చున్నాడు. పిన్ని కసురుతుందేమోనని ఆమె వైపు చూశాను.

"కాళ్లు నొప్పి. తిట్టుకో, లేవను," అంటూ బ్లేడు తీసి చొక్కాల చేతుల కుట్లు విప్పసాగాడు. నాకూ ఒక బ్లేడు ఇచ్చాడు. "చదువుకున్నదానివి, విప్పడం వచ్చా?"

"వచ్చు."

"కాస్త గట్టిగా చెప్పు తల్లీ, చొక్కాకి వినపడలేదు."

పిన్ని నవ్వింది. తాత తన కోడలి గురించి కోతలు మొదలుపెట్టాడు. "అబద్ధం," అని ఒకసారి గొణిగి, పిన్ని గుడ్డ తాను మీద తల వాల్చి నిద్రపోయింది. నేను లేపబోతే తాత వద్దని చెయ్యి ఊపాడు. మాటలు మాత్రం ఆపలేదు. ఆపితే లేస్తుందట.

వెలుగు తగ్గేవేళకు ఆమె లేచింది. "లేపలేదేం!"

"లేపితే మళ్లీ ఎడమ చేతులే కుడతావని!"

ఆ రాత్రి పిన్ని కుడి చేతులు కొత్తగా కత్తిరించి కుట్టింది, తాత అక్కడే కాజాలు తీశాడు. ఆ చొక్కాలన్నీ వేళకు బడికి చేరాయి. తాత ఇప్పుడు మూట ఇంటికి పట్టుకెళ్లడు. అక్కడే కూర్చుని కాజాలు తీస్తాడు. స్టూలుకు పిన్ని గుడ్డముక్కలతో మెత్త కుట్టింది.

"నా వాగుడు తప్పించినందుకు మా కోడలు నీకు రుణపడింది," అంటాడాయన.

"రుణం నాది బాబాయ్," అంటుంది పిన్ని.

నిద్ర పడుతోందా అని మొన్న అడిగాను.

"మెలకువ వస్తూనే ఉంటుంది. కానీ రేపు ఈయన ఏ అబద్ధం చెబుతాడో అనుకుంటూ మళ్లీ పడుకుంటా."