సన్నసెగ మీద మా బావ

మా బావ కారు డ్రైవింగ్ నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని, "నెమ్మది, నెమ్మది, తొందరేం లేదు" అనడమే ఆయన ఉద్యోగం. ఇంటికొస్తే మాత్రం ఒకటే తొందర. టీ చల్లారనివ్వడు. చొక్కా గుండీలు సగం విప్పి మిగతాది తలమీంచి లాగేస్తాడు. ఊడిన గుండీలు కుట్టేది నేను. వీధి చివర బట్టలు కుట్టే కొట్టు నాది కదా, మరదలన్నాక ఆ మాత్రం చాకిరీ తప్పదు.

ఈమధ్య ఆయన లైసెన్సు గడువు ముగియవచ్చింది. మళ్ళీ రాయించుకోవాలంటే ఒంట్లో బాగుందని డాక్టరు సంతకం చేయాలి. డాక్టరు బీపీ చూశాడు, రక్తపరీక్ష చూశాడు, చివరికి బావ పొట్ట వంక చూసి నిట్టూర్చాడు. "వేపుళ్ళు మానెయ్యండి, ఒళ్ళు తగ్గించండి. కొన్నాళ్ళాగి రండి, అప్పుడు చూద్దాం" అని పంపేశాడు. ఆ సంతకం లేకపోతే లైసెన్సు రాదు, లైసెన్సు లేకపోతే ఉద్యోగం ఉండదు. ఇంకో పనా, చేతకాదు. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే రకం.

దాంతో మా అక్క నడుం బిగించింది. నూనె సీసా బీరువాలో చీరల వెనక్కి పోయింది. పొద్దున ఉడకబెట్టిన సొరకాయ, రాత్రి ఉడకబెట్టిన క్యాబేజీ. బావ కిక్కురుమనకుండా తిన్నాడు. వడ్డించినంతా తిని కంచం కూడా కడిగి పెట్టేవాడు. అయినా ఒళ్ళు రవ్వంత తగ్గలేదు. "నీళ్ళు తాగినా ఒళ్ళొచ్చే తత్వమే నాది" అనేవాడు దీనంగా. అక్క నమ్మింది. మా అక్క అంత అమాయకురాలు!

ఒకరోజు నేనూ అక్కా బజారు నుంచి సంచులు మోసుకుంటూ వస్తుంటే వాన పట్టుకుంది. ఇంతలో డ్రైవింగ్ స్కూలు కారు ఎదురొచ్చింది. స్టీరింగు ముందు బావ దగ్గర నేర్చుకుంటున్న బ్యాంకు మేడం, పక్కన బావ. మమ్మల్ని చూసి ఆపక తప్పలేదాయనకు. వెనక ఎక్కి కూర్చున్నాం. "తిన్నగా మా ఇంటికి పోనివ్వండి మేడం" అని చెప్పి, బావ వెనక్కి తిరిగి టమాటాలు ఎలా ఉన్నాయని అక్కని అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడైనా టమాటాల సంగతి అడిగిన మనిషేనా! ఈలోగా మేడం ఏ మలుపు తిప్పిందో ఏమో, కారు ఒక మాంసం వేపుళ్ళ బండి పక్కన ముచ్చటగా ఆగింది.

"చూశారా సార్, ఇవాళ ఒక్కసారికే కారు పెట్టేశాను!" అంది మేడం సంబరంగా.

బండివాడు నెత్తిన గోనెపట్టా కప్పుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏంటి సార్, ఇవాళ లేటయింది? మామూలేనా, ఇంకాస్త కరకరలాడించమంటారా?"

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు బావ.

"అదేంటి సార్, అంత మాటన్నారు!" బండివాడి మొహం చిన్నబోయింది.

మేడం పాపం సాయం చేయబోయింది. "మాకందరికీ పార్కింగ్ ఇక్కడే నేర్పిస్తారండీ. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి."

అక్క టమాటాల సంచి మూతి బిగించి ముడేసింది. నాకే భయమేసింది.

ఇంటికొచ్చి తలుపేశాక మొదలైంది. "మీరు అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా?"

"నువ్వు పెట్టేది గడ్డేగా!" అన్నాడు బావ.

నాకు నవ్వాగలేదు. అక్క నా వైపు చూసిన చూపుకి ఆగింది. కాసేపు స్టూలు మీద కూలబడి ఆలోచించి, అక్కే లేచింది. "డాక్టరు మానమన్నది వేపుళ్ళని. మాంసం మానమన్నాడా? తినాలనుంటే ఇంట్లో తినండి. మంచిది నేను తెస్తా. కానీ ఆ బండి వంక చూశారో, నేను మా చెల్లెలింటికి పోతా." అంటే నా నెత్తిమీదకన్నమాట.

మాంసం కొట్టాయన్ని అడిగితే, దొడ్లో కట్టేసి దాణా పెట్టినవి కాకుండా, బయట తిరిగి పచ్చగడ్డి మేసిన మేకల మాంసం తెప్పిస్తానన్నాడు. "కొవ్వు తక్కువమ్మా. సన్నసెగ మీద మగ్గనివ్వాలి, తొందరపెట్టారో బిగుసుకుపోతుంది" అని మరీ మరీ చెప్పాడు. అక్క విన్నది. బావ విననేలేదు.

మొదటి ఆదివారం నేనే వండుతానని పట్టుబట్టాడు. మంట ఇంతెత్తున పెట్టి, గరిటె తిప్పి తిప్పి, గబగబా దించేశాడు. ముక్క నోట్లో వేసుకున్నాను. నేను దాన్ని నమలడం కాదు, అదే నన్ను నమిలింది. దవడలు లాగేస్తున్నా ముగ్గురం నములుతూ కూర్చున్నాం.

"ఈ మేక వ్యాయామం ఎక్కువ చేసినట్టుంది" అన్నాడు బావ.

"అది చేసింది, మీరు చేయలేదు" అంది అక్క.

తర్వాతి ఆదివారం అక్క ఆయన్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మందపాటి గిన్నెలో ఉల్లిపాయలు, మిరియాలు, మాంసం వేసి, మూత మీద బరువు పెట్టి, కనిపించీ కనిపించని మంట మీద వదిలేసింది. బావ గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. కుడిపాదం యాక్సిలరేటరు తొక్కినట్టు నేలని నొక్కుతూనే ఉంది. "ఇంకెంతసేపే?" అంటాడు. "నెమ్మది, నెమ్మది, తొందరేం లేదు" అంటుంది అక్క. నాకైతే కడుపు నిండిపోయింది, అన్నం తినకుండానే.

చివరికి మూత తీస్తే ఇల్లంతా ఘుమఘుమలాడింది. కంచంలో సగం కూరగాయలు, కొంచెం అన్నం, కొన్ని ముక్కలు. వేలు తగిలితే చాలు, ముక్క ఎముకనొదిలి వచ్చేస్తోంది. బావ కళ్ళు మూసుకుని నిదానంగా తిన్నాడు. ఆయన నిదానంగా తినడం నేను చూడటం అదే మొదలు.

"ఇన్నాళ్ళూ నేను తిన్నది మాంసం కాదే, నూనె" అన్నాడు.

ఆ తర్వాత పార్కింగ్ పాఠం ఆటస్థలం పక్కకి మారింది. బండివాడు నా కొట్టుకొచ్చి, సారుకి ఒంట్లో బాగుందా అని అడిగి మరీ వెళ్ళాడు. ఆదివారం మాంసం, మిగతా రోజులు కూరగాయలు, పప్పు, సాయంత్రం నడక. నా కొట్లో బావ ప్యాంట్ల నడుములు బిగించే పని మొదలైంది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. లోపల్నుంచి బావ కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "సంతకం పెట్టేశాడు! ఉద్యోగం నిలబడింది!" అక్కడున్న రోగులంతా తలెత్తి చూశారు. అక్క బెంచీ మీద కూర్చుని భోరున ఏడ్చింది.

"నిలబడిందంటుంటే ఏడుపెందుకే?"

"మీ ఉద్యోగం ఎవరిక్కావాలి!" అంది అక్క. "పోతే పోనీ, ఏదో ఒకటి చేసి నేనే తిండి పెట్టేదాన్ని. రాత్రిళ్ళు మీ గురక మధ్యలో ఆగిపోయేది. మళ్ళీ మొదలయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని మీ మొహం చూస్తూ కూర్చునేదాన్ని. మీకేం తెలుసు?"

బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెల్లగా పక్కన కూర్చున్నాడు. నా కళ్ళూ తడిశాయి, ఎందుకు అబద్ధం.

"ఇప్పుడు గురక తగ్గిందా?" అన్నాడు బావ.

"పూర్తిగా పోయింది. అదీ భయంగానే ఉంది. అసలు చప్పుడే లేదు."

"భయమేస్తే లేపు. ఎన్నిసార్లయినా లేపు, పలుకుతాను."

"విసుక్కుంటారు."

"విసుక్కుంటాను. విసుక్కున్నానంటే ఉన్నట్టేగా" అన్నాడు బావ.