బొంతలో తెల్ల రుమాలు

1981లో, అమెరికాలోనే పిస్కాటవేలో ఉన్న చెల్లెలికి కూతురు పుట్టిందని, అమ్మ పాత చీరల ముక్కలతో సగం కుట్టిన బొంతతో బస్సెక్కాను. పాప పేరు కుట్టాల్సిన తెల్ల ముక్క మాత్రం ఇంట్లోనే మరిచిపోయాను. సంచీ మూడుసార్లు వెతికాను. మరో గంటలో దిగాలి.

"కొత్త గుడ్డ కొనుక్కోవచ్చుగా, హనీ?" అంది, సంగతేమిటని అడిగి తెలుసుకున్న పక్కసీటు అమెరికన్ ముసలామె.

"పసిబిడ్డకు మేం మొదట కొత్తది వెయ్యమండీ. పెద్దవాళ్ళు వాడిన గుడ్డయితే వాళ్ళ ఆయుష్షు వస్తుందని నమ్మకం."

"నాకు ఎనభై రెండు. ఇంకా నా వంట నేనే చేసుకుంటాను. పనికొస్తానా?" అంటూ నవ్వి, తన తెల్ల చేతిరుమాలు నా ఒళ్ళో పెట్టింది.

దేవుడే పంపాడనుకుని, గబగబా పాప పేరు కుట్టేశాను. ఆ కంగారులో ఆమె పేరు అడగనే లేదు.

ఇప్పటికీ ప్రార్థనలో ఇంటివాళ్ళ పేర్లన్నీ అయ్యాక, ఆమె కోసం ఒక్క క్షణం ఆగుతాను.