ఇంటి డిస్కు, దారి డిస్కు

ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం నాడు నేను నెల్లూరు శాఖలో శబ్ద భాండారం అధికారిగా చేరాను. పేరు పెద్దదే. పని మాత్రం రోజూ కోవూరు నుంచి బస్సులో పెన్నా దాటి వచ్చి, రెండు హార్డ్ డిస్కులను కనిపెట్టుకుని ఉండటం. పల్లె పాటలను రికార్డు చేసి భద్రపరిచే చిన్న సంస్థ మాది. నాపైన ప్రధాన కార్యాలయంలో డైరెక్టరు గారు, నా కింద ఫీల్డ్ టెక్నీషియన్ పెంచలయ్య. మా శాఖలో హోదాలు అంతటితో సరి.

పెంచలయ్య పాటల బండి తోలేవాడు. మైకు, రికార్డరు బిగించిన వ్యాను అది. ఏ ఊళ్లో రికార్డు చేసిన పాటలను ఆ ఊళ్లోనే మళ్లీ వినిపించడం, విన్నవాళ్లు చెప్పిన వివరాలు రాసుకోవడం, కొత్త పాటలు రికార్డు చేసుకుని రావడం దాని పని. అందువల్ల మా భాండారానికి రెండు ప్రతులుండేవి. ఆఫీసులో కదలకుండా ఉండేది ఇంటి డిస్కు. బండిలో తిరిగేది దారి డిస్కు. వారమంతా దారి డిస్కులో కొత్త పాటలు చేరేవి. ఈలోగా ఇంటి డిస్కులో నేను పాడినవాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు సరిదిద్దేదాన్ని. శనివారం రెండింటినీ ఒకే కంప్యూటరుకు తగిలించి సమానం చేయాలి. దీన్ని మేము జతకలపడం అనేవాళ్లం.

జతకలిపే ప్రోగ్రాము ముందుగా ఒక జాబితా చూపిస్తుంది. ఇటు నుంచి అటు వెళ్లేవి, అటు నుంచి ఇటు వచ్చేవి, చిట్టచివర తొలగించేవి. ఒక డిస్కులోంచి ఎవరైనా ఒక ఫైలు తీసేస్తే, అది అక్కర్లేదు కాబోలనుకుని రెండో డిస్కులోంచి కూడా తీసేస్తుంది. చెప్పినట్టు చేయడమే దానికి తెలుసు, ఎందుకని అడగడం తెలియదు. అడగాల్సింది నేను. జాబితా పూర్తిగా చదవకుండా బటన్ నొక్కరాదని పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించింది కూడా నేనే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

చేరిన మరుసటి జనవరిలో వాకాడు వైపు ఒక పట్టపుపాళెంలో, అంటే జాలర్ల పల్లెలో, ఆదెమ్మ అనే పెద్దావిడ పాటలు రికార్డు చేశాం. చిన్నతనం నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. గంప బరువు తెలియకుండా నడుస్తూ పాడుకునే పాటలు మూడు పాడింది, తన బతుకు గురించి కాసేపు మాట్లాడింది. మొత్తం నాలుగు ఫైళ్లు. మూడో పాట మధ్యలో ఒక కోడి వచ్చి ఆరబెట్టిన చేపల మీద పడింది. ఆవిడ పాట ఆపి, "థూ, నీ మొహం మండ, పోతావా లేదా!" అని దాన్ని అదిలించి, ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకుంది. శ్రుతి వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

ఆ కోడి ముక్క కోసేసి పాటను శుభ్రం చేద్దామన్నాను. నాకు శుభ్రం పిచ్చి కొంచెం ఎక్కువ. పెంచలయ్య ఒప్పుకోలేదు. "అది కూడా పాటే మేడమ్, ఉండనీండి" అన్నాడు. వాదించడం ఎందుకని వదిలేశాను.

ఆ జూలైలో ఆదెమ్మ కాలం చేసింది. పెంచలయ్య ఆ ఊరు వెళ్లి పలకరించి వచ్చాడు. వాళ్ల పెద్దలు ఒక మాట అడిగారట. పెద్దకర్మ రోజు దాకా ఆమె గొంతు మైకులో వినపడకూడదు, ఆ రోజు మాత్రం తప్పకుండా వినిపించాలి అని. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. బండిలోని ప్లేయరు ఒక ఊరి పాటలు మొదలుపెడితే వరసగా అన్నీ వాయించుకుంటూ పోతుంది. చుట్టుపక్కల పాళేల్లో తిరిగేటప్పుడు పొరపాటున ఆమె గొంతు వినపడితే మాట పోతుంది. అందుకని ఆ నాలుగు ఫైళ్లనూ పెంచలయ్య దారి డిస్కులోంచి తీసేశాడు. శనివారం డిస్కు నా బల్ల మీద పెట్టి, భార్యకు కంటి ఆపరేషన్ అని సెలవు చీటీ ఇచ్చి చెన్నై రైలు ఎక్కాడు.

నేను జతకలపడానికి కూర్చున్నాను. సోమవారం డైరెక్టరు గారి తనిఖీ ఉంది. కాగితాలు గుట్టలుగా పడి ఉన్నాయి. జాబితా చివర "తొలగించేవి: నాలుగు" అని కనిపించింది. రెండేసి సార్లు ఎక్కిన ఫైళ్లను ఏరెయ్యమని ఆ వారమే పెంచలయ్యకు చెప్పి ఉన్నాను. అవే అయి ఉంటాయనుకున్నాను. ఆ నాలుగింటి పేర్లు చదవడానికి నాలుగు క్షణాలు పట్టదు. చదవకుండా బటన్ నొక్కాను.

బుధవారం మధ్యాహ్నం ఆదెమ్మ కూతురు జయమ్మ ఫోన్ చేసింది. "మేడమ్, రేప్పొద్దున మాయమ్మ పెద్దకర్మ. మన బండి రావాల. మాయమ్మ పాట మైకులో ఏస్తే ఊరంతా వింటాది. కోడిని అదిలించిన ముక్క కూడా ఉండాల మేడమ్, అది కోసెయ్యమాకండి. మాయమ్మ ఎప్పుడూ అట్నే అరిచేది." తప్పకుండా వస్తామని మాటిచ్చి ఫోన్ పెట్టేశాను.

పాట ఒకసారి సరిచూసుకుందామని ఇంటి డిస్కు తెరిచాను. ఆదెమ్మ పేరుతో ఉన్న ఫోల్డరు ఖాళీగా ఉంది. దారి డిస్కు తెరిచాను. అదీ ఖాళీయే. పై ప్రాణాలు పైనే పోయాయి.

తొలగించిన ఫైళ్లను కొన్నాళ్లు పక్కన దాచిపెట్టే సదుపాయం ఆ ప్రోగ్రాములోనే ఉంది. డిస్కు నిండిపోతోందని దాన్ని నిలిపేసింది నేనే. ప్రధాన కార్యాలయంలో మూడో ప్రతి ఉంది కానీ, అది డిసెంబరులో పంపింది. ఆదెమ్మ పాడింది జనవరిలో. చెరిగిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేరు పెట్టి సాయంత్రం దాకా రెండు డిస్కులనూ జల్లెడ పట్టాను. సోమవారం తనిఖీ కోసమని పెద్ద పెద్ద రికార్డింగులు ఎక్కించి ఉన్నాం, పాత ఫైళ్ల చోట అవి కూర్చున్నాయి. పెంచలయ్యకు పదిసార్లు ఫోన్ చేశాను. ఆసుపత్రిలో ఉన్నాడో ఏమో, ఎత్తలేదు.

ఫోన్‌లో చెప్పేస్తే నాకు సులువే. కానీ ఒక మనిషి తల్లి గొంతు పోగొట్టి ఆ సంగతి ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పలేదు. మర్నాడు ఉదయం వేరే డ్రైవరుతో బండి కట్టించుకుని గూడూరు, కోట మీదుగా బయల్దేరాను. మాది ప్రార్థన చేసుకునే కుటుంబం. దారి పొడవునా అదే పనిలో ఉన్నాను. అయితే ఏమని అడగాలో తెలియలేదు. పోయిన ఫైలు తిరిగి ఇమ్మని దేవుణ్ణి అడగడానికి సిగ్గేసింది. నిజం చెప్పే ధైర్యమిస్తే చాలనుకున్నాను.

ఇంటి ముందు షామియానా వేశారు. ఆదెమ్మ ఫొటోకు దండ వేసి ఉంది. నన్ను చూడగానే జయమ్మ ఎదురొచ్చింది. "జయమ్మా, నీకొక మాట చెప్పాలి" అని మొదలుపెట్టాను. "ఉండండి మేడమ్, ముందు ఇది తీసుకోండి" అని లోపలికి వెళ్లి, ఫొటో ముందు పెట్టిన పసుపు రాసిన చిన్న కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పెంచలయ్యన్న ఇచ్చిపోయినాడు. కర్మ రోజు దాకా మాయమ్మ దగ్గిరే ఉండాల, ఆ రోజు మేడమ్ వస్తాది, చేతికియ్యండి అని చెప్పినాడు."

కవరులో ఒక మెమరీ కార్డు ఉంది.

దాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టాను. నాలుగు ఫైళ్లూ ఉన్నాయి. మూడోది తెరిచి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కోడి దాకా విన్నాను. ప్రాణం లేచి వచ్చింది. అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. ఆదెమ్మ మీద అభిమానంతో ఏడుస్తున్నానని చుట్టూ ఉన్నవాళ్లు అనుకున్నారు. ఒకావిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేనూ అది కాదని చెప్పలేదు.

పాట వెంటనే వెయ్యలేదు. ముందు ల్యాప్‌టాప్‌లోకి ఒక నకలు, పెన్‌డ్రైవ్‌లోకి ఇంకొకటి, దారి డిస్కులోకి మరొకటి తీశాను. అంతసేపూ జనం కూర్చునే ఉన్నారు. "ఏందమ్మా, ఆమె పాడేదానికి గూడా ఇంతసేపు పట్టలేదే" అని ఒక పెద్దాయన విసుక్కున్నాడు. ఆయన విసుగు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మైకులో ఆదెమ్మ గొంతు లేచింది. జనం కదలకుండా విన్నారు. మూడో పాటలో కోడి రాగానే, "థూ, నీ మొహం మండ" అన్న అరుపుకు పందిరి మొత్తం పకపకా నవ్వింది. జయమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఏడ్చింది. ఆ ముక్క మళ్లీ వెయ్యమని అడిగారు. మూడుసార్లు వేశాం.

తర్వాత జయమ్మను పక్కకు పిలిచి జరిగినదంతా చెప్పాను. "దొరికింది గదా మేడమ్, ఇంక తినేదానికి రండి" అంది.

వారం తర్వాత పెంచలయ్య సెలవు నుంచి వచ్చాడు. నాకు ఒక్క మాట చెప్పకుండా ఎందుకు తీశావని గట్టిగానే అడిగాను. "ఇంటి డిస్కులో ఉండాది గదా మేడమ్, ఏమవుతాదిలే అనుకున్నా" అన్నాడు. ఇంటి డిస్కులో ఉందనుకున్నవాడు కార్డులోకి ఎక్కించడం దేనికన్నాను. అతను తల గోక్కున్నాడు. "మనిషి పోయినాక గొంతు గూడా చెరిపేదానికి చెయ్యి రాలా మేడమ్. వాళ్లమ్మ దగ్గిరే పెడదామని ఇచ్చొచ్చినా."

డైరెక్టరు గారికి సంజాయిషీ రాసుకున్నాను. తప్పు పెంచలయ్యది కాదని మొదటి వాక్యంలోనే రాశాను. దాచిపెట్టే సదుపాయం మళ్లీ పెట్టించాను. బండి లాగ్‌బుక్కులో తీసేసిన ప్రతి ఫైలు పేరు, తీసిన కారణం రాయడం తప్పనిసరి చేశాను. మూడో ప్రతి ఏడాదికోసారి కాకుండా ప్రతి నెలా వెళ్లేలా ఉత్తర్వు తెప్పించాను. విరమణ చేసే రోజు వరకు తొలగించేవాటి జాబితాను పైకి చదివి, పెంచలయ్య అవునన్నాకే బటన్ నొక్కాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు అప్పుడప్పుడూ సలహా అడుగుతుంటారు. రెండు ప్రతులున్నాయని ధీమాగా ఉండొద్దంటాను. ఒకటి చెరిపితే రెండోది తానే చెరిగిపోయేట్టయితే మీ దగ్గరున్నది ఒక్క ప్రతే. ఆ జూలైలో మా దగ్గరున్న అసలైన రెండో ప్రతి ఏ డిస్కులోనూ లేదు. పసుపు రాసిన కవరులో, ఆదెమ్మ ఫొటో ముందు ఉంది.