బిలం అడుగున

ఓడలో అందరూ ఆయన్ని చుట్ట మామ అనేవారు. పొగాకు వాసనే గిట్టని మనిషికి ఆ పేరెలా వచ్చిందంటే, మనుషులు దిగలేని లోతుకు కెమెరా యంత్రాన్ని దించే లావుపాటి తీగను విప్పడం, మళ్ళీ చుట్టడం ఆయన పని.

మామ వాళ్ళన్నయ్య చేపల పడవ నడిపేవాడు. ఒకనాడు సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలింది. సరిగ్గా దాని మీదున్న పడవ తిరిగి రాలేదు. చెక్కముక్క కూడా దొరకలేదు. "చూసొచ్చినవాళ్ళెవరు?" అనేది వదిన. ఆయన పోయాడన్న మాట ఇంట్లో ఎవరినీ అననివ్వలేదు. తనూ ఏడవలేదు.

కొన్నేళ్ళకు ఆ పర్వతం నోట్లోకి కెమెరాలు దించబోతున్నారని తెలిసి, మామ రేవులో నిలకడైన పని మానేసి ఆ ఓడెక్కాడు.

కెమెరా నడిపే అమ్మాయి గదిలో తెరల ముందు కూర్చునేది. యంత్రం అడుగుకు చేరగానే మామ చేతుల గ్రీజు తుడుచుకుంటూ వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాడు. బిలం గోడలు మసిపట్టిన కుండలా ఉన్నాయి. పగుళ్ళలోంచి వేడినీళ్ళు పొగలా లేస్తున్నాయి.

"ఏం వెతుకుతున్నావు మామా?"

"పడవమ్మా. మా అన్నది."

ఆమె యంత్రాన్ని మళ్ళీ గోడల వెంట తిప్పింది. ఇక చాలు, పైకి తెమ్మని అధికారి విసుక్కుంటున్నా, "ఇంకొక్క చుట్టు సార్" అంటూ బిలమంతా గాలించింది. ఎక్కడ చూసినా రాయే. పేలుడు తర్వాత పొంగిన లావా అడుగంతా కప్పేసి గడ్డకట్టింది.

"దీని కింద ఏమున్నా కనపడదు మామా."

"సరేలే తల్లీ. తీగ లాగేస్తాను" అని మామ బయటికి నడిచాడు.

ఇంటికి వెళ్ళేసరికి వదిన దుప్పట్లు ఆరేస్తోంది. వెనక్కి తిరగకుండానే, "కనిపించారా?" అంది.

ఏదో చెప్పి ఊరడించాలని దారి పొడుగునా మాటలు కూడగట్టుకున్నాడు. తీరా ఒక్కటీ అక్కరకు రాలేదు.

"లేదొదినా. అంతా కొత్త రాయి. అన్న దాని కిందే ఉన్నాడు. ఇంక రాడు."

"అక్కడ చీకటా?"

"చీకటే. నీళ్ళు మాత్రం వెచ్చగా ఉన్నాయి."

ఆమె తడి దుప్పటి గుండెకు అదుముకుని కూలబడింది. అన్నేళ్ళ ఏడుపూ కట్ట తెంచుకుంది. తువ్వాలు అందించబోయిన మామ, అది తన కళ్ళకే అడ్డం పెట్టుకున్నాడు.

ఓడవాళ్ళు మళ్ళీ పిలిచినా ఆయన వెళ్ళలేదు. రేవులో పాత పనికే చేరాడు. అప్పుడప్పుడూ భోజనాల దగ్గర వదినే అంటుంది, "మీ అన్న ఉంటేనా, కూరలో ఉప్పు లేదని ఇల్లు పీకి పందిరేసేవారు" అని. అందరూ నవ్వుతారు. ఆమె నవ్వు మాత్రం సగంలోనే ఆగిపోతుంది.