పెద్దమ్మ క్యాలెండర్లో ఆదివారాలు

నాచారంలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు పెద్దమ్మ పోయింది. మొన్న బుధవారం పొద్దున నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయల్దేరుతుంటే ఆమె కోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్తమ్మ లేదు" అని పెట్టేసింది. మా ఆయన బూట్లు వేసుకుంటున్నాడు. చెప్పాను. ఒక బూటు కాలికి, రెండోది చేతిలో, అతను అట్లాగే కూర్చుండిపోయాడు.

ఆమె మాకు చుట్టం కాదు. నల్లగొండ పక్క పల్లె నుంచి భర్తతో కలిసి వచ్చి, ఆయన నాచారం ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే రేకుల గదితో మొదలుపెట్టి ఇల్లు లేపుకున్న మనిషి. చదువు లేదు. ఆమె గురించి రాసే అర్హత నాకుందా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. రాశాక కూడా తేలకపోవచ్చు.

నేను ఒక్కదాన్నే వాళ్ల మేడమీది గదిలో చేరే నాటికి అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు రాలేదు. ల్యాండ్‌ఫోన్ వాళ్ల ముందు గదిలో ఉండేది. మా వీధిలో సగం మంది ఏ దరఖాస్తులోనైనా ఆ నంబరే రాసి, పక్కన 'పి.పి.' అని పెట్టేవాళ్లు, అంటే పక్కింటి ఫోన్ అన్నమాట. ఎవరికి ఫోనొచ్చినా ఆమె వాకిట్లోకి వచ్చి కేకేసేది. ఆ కేక ఉప్పల్ చౌరస్తా దాకా వినపడుతుందని వాళ్లాయన వెక్కిరించేవాడు.

మా ఆయనది ఇథియోపియా. ఇక్కడి విశ్వవిద్యాలయంలో నాతో పాటే చదివాడు. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ సైంటిస్టు. ఆయన ఒప్పుకోలేదు. నేను ఇల్లు వదిలి ఆ గదిలో చేరింది అందుకే. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, ఒక సూట్‌కేసుతో అతన్ని వెంటపెట్టుకుని ఆ ఇంటికే వచ్చాను. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ పైనుంచి కిందిదాకా చూసింది.

"పెండ్లి చేసుకున్నమంటున్నవు, పుస్తె ఏది?"

"సంతకాలు పెట్టాం పెద్దమ్మా."

"సంతకం మెడల ఏస్కుంటవా?"

నాకు ఏడుపొచ్చింది. అతను తన హాస్టల్ తెలుగులో "పెద్దమ్మా, ఆకలి" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లి జొన్నరొట్టెలు తెచ్చింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందని భయపడుతున్న నాకు ఆ రొట్టెలే జవాబు.

రెండు నెలల్లో అతని స్టూడెంట్ వీసా అయిపోయింది. తన దేశానికి వెళ్లి, అక్కడి మన రాయబార కార్యాలయంలో స్పౌజ్ వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. ఇక్కడ నా చిరునామాలో పోలీసు విచారణ జరగాలి. ఇది నిజమైన పెళ్లేనని వాళ్లు రాస్తేనే అతను రాగలడు. అతను వెళ్లిపోయాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం పదింటికి ఆ ల్యాండ్‌ఫోన్ మోగేది.

"దిగు బిడ్డా, ఉరుకు! అవుతల బిల్లు కాలుతున్నది!"

నేను మెట్లు దూకుతూ వచ్చేదాన్ని. ఆమె గోరుచిక్కుళ్లు తుంచుకుంటూ అక్కడే కూర్చునేది. ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లం కాబట్టి ఆమెకేమీ అర్థం కాదనుకునేదాన్ని. ఫోన్ పెట్టగానే, "ఇయ్యాల రెండుసార్లే నవ్వినవు" అనేది.

ఏడాది కావస్తుండగా కాగితాలు వెనక్కి వచ్చాయి. మా ఆయన వాళ్ల దేశంలో ఇంటిపేరన్నది ఉండదు, తన పేరు పక్కన తండ్రి పేరు పెట్టుకుంటారు. మా పెళ్లి సర్టిఫికెట్లో ఒక వరుస, పాస్‌పోర్టులో ఇంకో వరుస. మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నారు. అదే వారం నాన్న కాలేజీకి వచ్చి, "వచ్చేవాడైతే ఈపాటికి వచ్చేవాడమ్మా. ఇంకా ఎన్నాళ్లిలా ఎదురుచూస్తావు?" అన్నారు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. మెల్లగా అన్నారు. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, ఆ మాట లోపల నాటుకుపోయింది. ఆ ఆదివారం అతనితో గొడవపడి, ఇక ఫోన్ చెయ్యొద్దన్నాను. ఆ కోపంలోనే పెద్దమ్మతో, "ఒకవేళ చేసినా నాకు చెప్పకు" అన్నాను.

రెండు నెలలు కింది నుంచి కేక రాలేదు. వద్దన్నది నేనే. అయినా పదయ్యేసరికి మెట్లమీద కూర్చునేదాన్ని. ఫోన్ మోగినా, కేక లేదంటే వాళ్లింటికొచ్చిందే అనుకునేదాన్ని. వద్దనగానే మానేశాడు, నాన్న మాటే నిజమని తీర్మానించుకున్నాను. ఆ తర్వాత ఒక ఆదివారం పెద్దమ్మ, మోకాళ్ల నొప్పులతో అవస్థపడే మనిషి, మెట్లెక్కి పైకొచ్చింది. "ఇయ్యాల నువ్వే ఎత్తు. నాతోని గాదు ఇగ" అంది. దిగి ఎత్తాను. అతను "తిన్నావా?" అన్నాడు, అంతే. మర్నాడు కాగితాలు మళ్లీ సిద్ధం చేశాను.

విచారణకు సారు వస్తున్నాడని తెలిసినప్పుడు పెద్దమ్మను బతిమాలాను. "ఆ రెండు నెలల మాట ఎత్తకు. అడిగితే అంతా బాగానే ఉందని చెప్పు."

"నాకు అబద్ధాలు యాదికుండయి బిడ్డా" అంది, చిక్కుడు తుంచుతూనే.

వచ్చినాయన రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి. సర్టిఫికెట్ చూశాడు, ఫోటోలు చూశాడు. "పెండ్లయిన రెండు నెలలకే పాయె. ఇది కాగితాల కోసం చేసుకున్న పెండ్లి గాదని నేనెట్ల రాయాలమ్మా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా పెద్దమ్మ, "నాకు గూడ గదే అనుమానముండె సారూ" అంది.

ఆమె లేచి గోడమీది క్యాలెండరు దించింది. గ్యాస్ బండ ఎప్పుడొచ్చిందో, పాలాయన ఎప్పుడు రాలేదో గుర్తుపెట్టుకునే క్యాలెండరు. కింద పాత ఏడాదిది కూడా అదే మేకుకు ఉంది. దారంతో కట్టిన పెన్సిలు ముక్క వేలాడుతోంది.

"ఫోనొచ్చిన ఐతారమల్ల ఒక గీత వెట్టిన సారూ. ఎన్నడు బందువెడ్తడో సూద్దామని."

ఆయన కళ్లజోడు సర్దుకుని నెలలు తిప్పాడు. గీత, గీత, గీత. ఒకచోట ఆగాడు. "ఇక్కడేంది, వరుసవెట్టి సున్నాలున్నయి? రాలేదా?"

నేను నేలకేసి చూస్తున్నాను.

"వచ్చినయి సారూ. పిల్లనే మాట్లాడలే. అలిగింది. వస్తే చెప్పకన్నది, చెప్పలే. నేనే మాట్లాడిన."

"నువ్వా? ఏం మాట్లాడినవు?"

"'తిన్నవా' అంటె 'తిన్న' అంటడు. 'పిల్ల తిన్నదా' అంటడు. 'తిన్నది' అంట. ఇంకేముంటది మాట్లాడనీకె?"

ఆయన నవ్వాడు. "మా ఇంటిదానికి నేను గూడ ఇన్ని ఫోన్లు చెయ్యలేదు పెద్దమ్మా!" క్యాలెండరు తీసుకెళ్తానంటే ఆమె ఇవ్వలేదు, గ్యాస్ తారీకులు అందులోనే ఉన్నాయట. అక్కడే కూర్చుని ఆదివారాలన్నీ నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాడు. నేను మాత్రం సున్నాలు లెక్కపెడుతున్నాను. తొమ్మిది. తొమ్మిది వారాలు నేను మెట్లమీద, అతను ఆ చివర, మధ్యలో ఈమె.

ఆయన వెళ్లాక అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"నువ్వే వద్దంటివి గద. గీత వెడదమంటె నువ్వు మాట్లాడకపోతివి. ఇడిసిపెడదమంటె పిలగాడు చేసె. అందుకే సున్న వెట్టిన."

వీసా వచ్చింది. అతను వచ్చిన రోజు ఆమె గుమ్మంలోనే, "ఎండుకపోయినవేంది అల్లుడా" అంది. 'గా పిలగాడు' అల్లుడయింది ఆనాడే. కొన్నేళ్లకు మేం నారపల్లిలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాం. రాష్ట్రం వచ్చినప్పుడు మా నోట్లో లడ్డూలు కుక్కి, "ఆంధ్ర బిడ్డ, ఆఫ్రికా అల్లుడు, ఇద్దరు నా తెలంగాణల్నే తినాలె" అని పడీపడీ నవ్వింది.

ప్రతి ఆదివారం పదింటికి అతను ఆమెకు ఫోన్ చేసేవాడు. మొదట్లో నేనూ మాట్లాడేదాన్ని. తర్వాత పేపర్లు దిద్దడమో, బట్టలో, వంటో. "నేనూ అడిగానని చెప్పు" అని వంటింట్లోంచే అనేదాన్ని. నాచారం ఎంత దూరమని, వచ్చే వారం వెళ్లొద్దాం అనుకునేదాన్ని. అనుకోవడంలో నాకు లోటు లేదు.

బుధవారం వెళ్లాం. ఆమెను వాకిట్లో టెంటు కింద పడుకోబెట్టారు. అతను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. నేను అక్కడ నిలబడలేక ముందు గదిలోకి వెళ్లాను. ఎప్పుడో పనిచెయ్యడం మానేసిన ల్యాండ్‌ఫోన్, మీద కుట్టుపని గుడ్డ. గోడమీద ఈ ఏడాది క్యాలెండరు. గ్యాస్ బండ తేదీ. ఆదివారాలు.

అన్నీ సున్నాలే. ముందు నెల తిప్పాను, అంతకుముందు నెల తిప్పాను. గీత కోసం చాలా వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

మళ్లీ ఈ నెల కాగితాన్ని కిందికి వదిలాను. వచ్చే ఆదివారం గడి ఖాళీగా ఉంది. ఫ్యాను గాలికి, దారానికి కట్టిన పెన్సిలు ముక్క దానిమీద అటూ ఇటూ ఊగుతోంది.