మావయ్య గారి పిక్క

పోయిన నెల ఒక మంగళవారం, టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లో నేను పనిచేసే చిన్న ఫ్యాక్టరీలో బుష్‌లనే పొట్టి లోహపు గొట్టాల మందం కొలుస్తుండగా మా ఆయన ఫోన్ చేశారు. "నాన్న వెళ్ళిపోయారు" అన్నారు. ఆ ఉదయం నేను డ్యూటీకి బయల్దేరుతుంటే మావయ్య గారు వాకిట్లో ఎండకి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "బేగి వచ్చీమ్మా, సాయంత్రం ఆ రెండో చరణం ఓ పాలి సూద్దుము" అన్నారు. పదకొండింటికి అత్తయ్య టీ పట్టుకెళ్ళేసరికి అదే కుర్చీలో, కునుకు పట్టినట్టు, తల కాస్త పక్కకి వాల్చి ఉన్నారట.

ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. దుఃఖంతోనే మొదలుపెట్టాను. అర పేజీ దాటకముందే నాకు నవ్వొచ్చింది. ఆయన్ని ఎరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. ఎరగనివాళ్ళ కోసం రాస్తున్నాను.

మావయ్య గారు టాటానగర్‌లో రైలు పెట్టెలు బాగుచేసే ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళ నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పెళ్ళయిన కొత్తలో పక్క క్వార్టర్‌లో ఉండే ఒక రైలు గార్డు గారి దగ్గర మావయ్య గారు గిటార్ నేర్చుకున్నారట. ఆ గార్డు గారు బదిలీ మీద వెళ్తూ గిటార్ ఈయనకే ఇచ్చి వెళ్ళారు. అప్పటి నుంచీ పగలు బ్రేకులు, సాయంత్రం పాటలు. కాలనీలో పెళ్ళి జరిగినా, ఎవరైనా రిటైరైనా, మావయ్య గారి గిటార్ లేకుండా సభ మొదలయ్యేది కాదని అత్తయ్య చెబుతుంది.

నాది పలాస. పద్నాలుగేళ్ళ కిందట పెళ్ళై ఇక్కడ భాలుబాసా పేటలోని ఈ ఇంటికి వచ్చాను. వచ్చిన మూడో రోజు మావయ్య గారు మంచాల కిందా అలమరల్లోనూ ఏదో వెతుకుతూ వచ్చి, వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, నా పిక్క గానీ కనబడిందేటి?" అని అడిగారు.

మా పలాసలో పిక్క అంటే జీడిపిక్కే. పాపం, పెద్దాయనకి తినాలనిపించింది కాబోలు అనుకున్నాను. మా అమ్మ కట్టి ఇచ్చిన జీడిపప్పు డబ్బా తీసి, గుప్పెడు నేతిలో వేయించి, ఉప్పూ కారం చల్లి పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన పళ్ళెం వంక చూశారు. నా వంక చూశారు. కూర్చుని ఒక్కటి మిగల్చకుండా తిన్నారు. తర్వాత చెయ్యి దులుపుకుని, "బాగున్నాయమ్మా. కానీ ఈటితోటి గిటారు మోగదు" అన్నారు.

అత్తయ్య నవ్వుతూ చీపురుతో మంచం కింద నుంచి ఒక ముక్కని లాగి నా చేతిలో పెట్టింది. రూపాయి బిళ్ళంత, మూడు మూలల ప్లాస్టిక్ ముక్క. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని దానితో తీగలు మీటుతారట. లోకానికి అది పిక్. మావయ్య గారికి పిక్క.

ఆ ఇంట్లో పిక్కలు దొరకని చోటు లేదు. ఉతికిన చొక్కా జేబులో, పంచాంగంలో, బియ్యం డబ్బా మూత మీద. ఒకసారి పప్పులో కరివేపాకనుకుని మా ఆయన కొరికిన ఆకుపచ్చ ముక్క కూడా పిక్కే. "పాపా, యే క్యా హై!" అని ఆయన అరిస్తే, మావయ్య గారు దాన్ని కడిగి, వెలుతురుకి పెట్టి చూసి, "పన్ను గుర్తు పడిందిరా. ఇక జారదు" అని సంతోషించారు.

నాకు అప్పటికి హిందీ రాదు. వీధిలో ఎవరైనా పలకరిస్తే తల ఊపి ఇంట్లోకి వచ్చేసేదాన్ని. ఒక మధ్యాహ్నం మావయ్య గారు, "ఎంతసేపని ఆ గోడలు సూత్తావమ్మా? రా, కూకో" అని గిటార్ నా ఒళ్ళో పెట్టారు. కోడలి చేతికి గిటార్ ఇచ్చే మామగారిని నేను అంతవరకూ చూడలేదు, వినలేదు. అత్తయ్య ఏమంటుందోనని అటు చూశాను. ఆవిడ బఠాణీలు వలుస్తూ, "నేర్చుకో. నాకూ నేర్పుతానన్నారు గానీ నా గోళ్ళు పాడైపోతాయని నేనే మానీసేను" అంది.

నా చేతులకి చెమట ఎక్కువ. నాలుగుసార్లు మీటేసరికి పిక్క జారి గిటార్ గుండ్రటి నోట్లో పడిపోయేది. ఇద్దరం గిటార్‌ని బోర్లించి అటూ ఇటూ ఊపేవాళ్ళం. లోపల అది గలగలమనేది కానీ ఒక పట్టాన బయటికి వచ్చేది కాదు. వచ్చేసరికి నాకు నవ్వుతో కడుపునొప్పి వచ్చేది.

"ఇలగ జారిపోతంటే ఎలగ మావయ్యా? మరింత గట్టిగా పట్టుకోనా?"

"వొద్దమ్మా. గట్టిగా పడితే మణికట్టు బిగిసిపోద్ది, పాట రేకులాగ మోగుద్ది. పిట్టపిల్లని పట్టుకున్నట్టు పట్టాల. ఎగిరిపోకూడదు, నలిగిపోకూడదు. నీ పట్టులో తప్పు నేదు. ఆ పిక్క నీది కాదు, అంతే."

అలా మొదలైంది నా పిక్క కోసం వెతుకులాట. అది దాదాపు నెల రోజులు సాగింది. నున్నటిది జారుతోందని ఒకదానికి కాగితాలకి చిల్లు పెట్టే మిషన్‌తో మధ్యలో చిల్లు పెట్టారు. వేలి కండ ఆ చిల్లులోకి కాస్త దిగి పట్టు దొరికింది కానీ, ముక్క రెండు రోజుల్లో విరిగిపోయింది. పల్చటివి తీగకి తగలగానే వంగి టపటపమనేవి. అన్ని తీగలూ కలిపి వాయించడానికి అవి హాయిగా ఉండేవి. ఒక్కొక్క స్వరం విడిగా పలికించబోతే మాత్రం తడబడేవి. మందంగా ఉన్నవి స్వరాన్ని గుండ్రంగా, నిండుగా పలికించేవి కానీ, తీగలన్నిటి మీదా గబగబా లాగితే నా చేతికి అడ్డం తగిలేవి. "సన్నందా, మందందా అని అడక్కు. ఏ పాటకి అని అడుగు" అనేవారు.

చివరికి ఆటో ఎక్కించి సాక్చి బజారులో ఒక వాద్యాల దుకాణానికి తీసుకెళ్ళారు. గాజు పెట్టెలోని పిక్కలన్నీ తీయించి, నన్ను కళ్ళు మూసుకోమన్నారు. ఒక్కొక్కటీ నా వేళ్ళ మధ్య పెడతారు, నేను అదే స్వరం మీటాలి. దుకాణంలో రద్దీ పెరిగింది. ఇరవయ్యో ఇరవై ఒకటో అయ్యేసరికి దుకాణదారు విసిగిపోయి, "అంకుల్, పిక్ పసంద్ కర్ రహే హైఁ యా దుల్హన్?" అన్నాడు. పిక్ ఎంచుకుంటున్నారా, పెళ్ళికూతుర్నా అని.

మావయ్య గారు తల ఎత్తకుండానే, "దుల్హన్ తో ఘర్ ఆ గయీ భాయ్. ఉసీ కే లియే ఢూంఢ్ రహా హూఁ" అన్నారు. పెళ్ళికూతురు ఇంటికి వచ్చేసింది నాయనా, ఆమె కోసమే వెతుకుతున్నాను అని. దుకాణమంతా నవ్వింది. ఆ ఊళ్ళో నాకు ఎవరూ విడమరచి చెప్పకుండా అర్థమైన మొదటి హిందీ మాటలు అవే. నేనూ నవ్వాను.

ఆ తర్వాత చేతికి వచ్చింది మెరుపు లేని గచ్చకాయ రంగు పిక్క. ముట్టుకుంటే పలక మీద సుద్ద రాసినట్టు గరుగ్గా ఉంది. అటు పల్చనా కాదు, ఇటు మందమూ కాదు. పది నిమిషాలు వాయించాక మావయ్య గారు, "పిక్క ఎలగుంది?" అని అడిగారు. "ఏ పిక్క?" అన్నాను. నిజంగానే మరిచిపోయాను. "అదే నీది. సేతిలో ఉన్నట్టు గుర్తుందంటే అది నీది కాదు" అన్నారు.

మా అమ్మాయి పుట్టాక నేను ఆదిత్యపూర్‌లో ఉద్యోగంలో చేరాను. తయారైన విడిభాగాలు కొలతకి సరిపోయాయో లేదో చూడడం నా పని. అక్కడి మైక్రోమీటరు వెంట్రుక మందం కూడా చెబుతుందని ఒకరోజు మావయ్య గారితో గొప్పగా అన్నాను. ఆయన ఏడు పిక్కలు మీటి, చెవితో విని, పల్చటిదాని నుంచి మందమైనదాని వరకూ వరస పేర్చి పొట్లం కట్టి ఇచ్చారు. "నా వరస తప్పయితే సెప్పు" అన్నారు. మధ్యాహ్నం భోజనం వేళ వాటిని కొలిచాను. ఆరు సరిపోయాయి. నాలుగోది మాత్రం ఐదోదాని కంటే మందం. సాయంత్రం పరుగున ఇంటికొచ్చి చెప్పాను.

ఆయన నాలుగోదాన్ని తీసుకుని, కళ్ళద్దాలు పైకి నెట్టి, కొనని చూపించారు. ఏళ్ళ తరబడి తీగల మీద అరిగి అరిగి కొన దగ్గర ఆకులా పల్చబడిపోయి ఉంది. "నీ మిషను నడుము కొలిసింది. నేను మూతి విన్నాను" అన్నారు. ఆ మాట మర్నాడు మా ఫోర్‌మన్‌కి చెబితే ఆయన చాలాసేపు నవ్వి, తర్వాత సీరియస్‌గా, "కొలిచే చోటు కూడా చూసుకోవాలమ్మా" అన్నారు.

ఆరేళ్ళ కిందట మావయ్య గారికి పక్షవాతం తాకింది. తేలికగానే పోయింది. మాట నెలలో సర్దుకుంది, నడక మూడు నెలల్లో వచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం పట్టు తప్పాయి. అన్నం కలపగలిగేవారు, గ్లాసు ఎత్తగలిగేవారు. పిక్కని రెండు వేళ్ళతో నొక్కిపట్టడం చేతకాలేదు. ఎన్నిసార్లు ఇచ్చినా కింద పడేది. అలా ప్రయత్నించిన పదో రోజున అనుకుంటాను, వంగి దాన్ని తీసి మళ్ళీ అందించబోతే, "వొగ్గీమ్మా. ఇక గిటారు నీదే" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చాను.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మా అమ్మాయి మాత్రం, "దాదాజీ, బజాఓ నా" అని వాయించమంటూ వేధించేది. ఆయన తెలుగులో, "నా సెయ్యి సెలవులో ఉందే గుంటా" అనేవారు.

నా కోసం ఆయన నెల రోజులు వెతికారు కదా, ఇప్పుడు నా వంతు అనుకున్నాను. బాగా మందమైన పిక్క తెప్పించాను. జారింది. సైకిల్ ట్యూబు ముక్క అంటించాను. పట్టు దొరికింది కానీ నొక్కే బలం లేదు. అప్పుడు తెలిసింది, బొటనవేలికి ఉంగరంలా తొడుక్కునే పిక్కలు ఉంటాయని. వాటిని పట్టుకోనక్కర్లేదు. చెయ్యి కదిలితే చాలు. ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆయన వేలు లావు, అది ఎక్కలేదు. వేడి నీళ్ళలో మెత్తబరిచి, పెన్ను గొట్టం మీద సాగదీసి, చల్లార్చి తొడిగాను. ఎక్కింది. ఒక తీగ మీటారు. మొహం ముడుచుకున్నారు.

"ఏటయింది మావయ్యా? నొప్పా?"

"నొప్పి కాదమ్మా. ఇది తిడతంది."

దాని కొన బాణంలా వాడిగా ఉంది. మర్నాడు భోజనం వేళ మెత్తటి ఎమెరీ కాగితం మీద కొనని గుండ్రంగా అరగదీశాను. సాయంత్రం తెచ్చి వినిపించాను. "ఇంకాస్త" అన్నారు. మళ్ళీ మర్నాడు ఇంకాస్త. నాలుగు రోజులు అలా తిరిగింది ఆ ముక్క, భాలుబాసాకీ ఆదిత్యపూర్‌కీ మధ్య నా టిఫిన్ డబ్బాలో. ఐదో రోజు సాయంత్రం తొడుక్కుని లావు తీగ మీటారు. ఇంకో తీగ. ఇంకోటి. తర్వాత అలా వాయిస్తూ పోయారు. అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. ఐదు నిమిషాలు అయ్యాక నేను, "పిక్క ఎలగుంది?" అన్నాను.

"ఏ పిక్క?" అన్నారు.

ఆ తర్వాత ఐదేళ్ళకి పైగా ఆయన బొటనవేలితో మంద్రస్వరాలు పలికిస్తే, నేను కొత్తగా కొన్న రెండో గిటార్ మీద మిగతాది వాయించేదాన్ని. ఆయనకి పూర్వంలా వేగం లేదు. ఆ లోటుని దాచడానికి పాటనే నెమ్మదిగా వాయించేవారు. వాయిస్తూ వాయిస్తూ, "ఈ పాట ఎప్పుడూ ఇలాగే ఉండాల్సింది. కుర్రతనంలో తొందరపడ్డాను" అనేవారు. వెనక్కి చూసుకుంటే, నాకు గిటార్ నిజంగా వచ్చింది ఆ ఐదేళ్ళలోనే.

మొన్న చలికాలంలో, ఆదిత్యపూర్‌లో ఆయన పాత స్నేహితుడి ఇంటి డాబా మీద, రిటైరైన రైల్వే వాళ్ళంతా కలిశారు. ఊతకర్రలు, చెవి మిషన్లు, పిండివంటల డబ్బాలు. మమ్మల్ని వాయించమన్నారు. ఒక పాత సినిమా పాట ఎత్తుకున్నాం. రెండో చరణంలో నేను దారి తప్పాను. ఆపేద్దామని చూశాను. మావయ్య గారు ఆపలేదు. నేను తప్పిన చోటే తనూ కావాలని మూడుసార్లు తిరిగారు, అదీ పాటలో ఉన్నదే అన్నట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. డ్రైవరుగా చేసిన ఒక పెద్దాయన, "ఏటి గురూ, ఆ తిప్పుడు కొత్తగుందే!" అంటే, మావయ్య గారు నా వైపు చూపించి, "మా కోడలిది" అన్నారు.

సాయంత్రం ఆటోలో తిరుగు ప్రయాణం. రెండు గిటార్లూ నా ఒళ్ళో, పక్కన మావయ్య గారు. ఖర్‌కాయి నది వంతెన మీద బళ్ళు ఆగిపోయాయి. ఆయన బొటనవేలి పిక్క తియ్యడం మరిచిపోయారు. ముందున్న ఇనుప కడ్డీ మీద దానితో టింగు టింగుమని తాళం వేయడం మొదలుపెట్టారు. ఆటో అతను అద్దంలో చూసి, హ్యాండిల్ మీద వేళ్ళతో అందుకున్నాడు. ముందు బళ్ళు కదిలాయి, వెనక వాళ్ళు హారన్లు కొడుతున్నారు. వీళ్ళిద్దరూ చరణం పూర్తయ్యేదాకా కదల్లేదు. కింద నీళ్ళ మీద ఎండ ఎర్రగా ఉంది. మావయ్య గారు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు.